వివరం గడి

మూడో కెమెరా అద్దం తుడుస్తున్నాను. సముద్రం మీద నుంచి వచ్చే గాలిలో ఉప్పుంటుంది. కోతలైపోయిన మడుల్లో కబడ్డీ పెడితే దుమ్ము లేస్తుంది. రెండూ కలిసి అద్దం మీద పొరలా పట్టేస్తాయి. తడిగుడ్డ పెడితే చారలు పడతాయి. ముందు గాలి ఊది, మెత్తటి కుంచెతో దులిపి, ఆ తరువాతే పొడిగుడ్డ పెట్టాలి. మా ఆఫీసులో కెమెరాలు పద్నాలుగున్నాయి. పొద్దున ఎవరు ముందొస్తే వాళ్ళు తుడవాలని రూలు. అల్లూరు వైపు నుంచి వచ్చే వ్యాను అన్నిటికంటే ముందు చేరుతుంది కాబట్టి ఎక్కువ రోజులు నేనే తుడుస్తాను.

ఆ రోజు శుక్రవారం. ఈస్టర్ దాటి ఐదు రోజులైంది. సుప్రియ వచ్చి బ్యాగు కుర్చీకి తగిలిస్తూ, "మెర్లినక్కా, రైడర్ల జాబితా నీకు పంపినాను. రేపు పదింటికల్లా పోవాలంట. చివరి చూపు నీదేనంట" అన్నది.

"ఎంతమంది తేలారు?"

"ముగ్గురు. వాళ్ళడిగింది ముగ్గురినే గదా." నా వైపు చూడకుండా, "మీ ఊరాయన పేరు రాలిపోయిందక్కా. రెండో హాఫ్ లెక్కలో" అన్నది.

మా ఊరాయన అంటే బెన్హర్. మా వీధిలో మూడిళ్ళ అవతల ఉంటాడు. ఇరవై రెండేళ్ళవాడు. నేను సండేస్కూల్లో వాక్యాలు చెప్పించిన పిల్లల్లో ఒకడు, కంఠతా పట్టమంటే చివరి మాట మాత్రమే గట్టిగా అనేవాడు.

నేను కుంచె పక్కన పెట్టి, మిగిలిన కెమెరాలు సుప్రియకు అప్పగించి, లోపలికి వెళ్ళాను.

మాది కూత అనలిటిక్స్ అనే కంపెనీ. కబడ్డీ ఆటల వీడియోలు చూసి, ఏ నిమిషంలో ఎవరు కూతకు వెళ్ళారు, ఏ కాలు ముందుపెట్టారు, ఏ మూలకు పోయారు, తిరిగొచ్చారా దొరికిపోయారా అనేది రాసి, లెక్కకట్టి, జట్లకు ఇస్తాం. ఇప్పుడు వెంకటాచలంలో హైవే పక్కన, ట్రాక్టర్ల షోరూము పైన ఉంది ఆఫీసు. నలభై ఆరుగురం పనిచేస్తాం. అందులో ముప్పై మందికి పైగా చుట్టుపక్కల ఊళ్ళ ఆడపిల్లలే. ఆరేళ్ళ కిందట ఇది అల్లూరులో నరేంద్రబాబన్న జిరాక్సు షాపు వెనక ఒక గది. గదిలో ఒక కంప్యూటరు, కాగితాల కట్టలు, ఒక ఫ్యాను ఉండేవి. ఫ్యాను వేస్తే కాగితాలు ఎగిరేవి.

నరేంద్రబాబన్న వాళ్ళది లోపలి ఊళ్ళ వరి రైతు కుటుంబం. నాన్న పేరు హజరత్తయ్య. కొడుకు జిల్లా కబడ్డీ జట్టుకు ఆడుతూ భుజం జారి ఇంట్లో కూర్చుంటే, ఆయనే పొలం కౌలు సొమ్ము తెచ్చి జిరాక్సు మిషను కొనిచ్చాడని చెబుతారు. నేను ఇంటర్ అయ్యాక ఆ షాపులో పనికి చేరాను. డిగ్రీ దూరవిద్యలో చదువుకునేదాన్ని. జిరాక్సు తీసేటప్పుడు ఒక పేజీ తలకిందులైతే తిప్పి పెట్టేదాన్ని, పేజీ నంబరు తప్పితే చెప్పేదాన్ని. అన్న అది చూసి ఒకరోజు అడిగాడు.

"ఏం మెర్లినమ్మా, నీకు కబడ్డీ తెలుసునా?"

"తెలీదన్నా."

"మంచిది. తెలిసినోళ్ళు ఆట చూడరు, వాళ్ళ జట్టును చూస్తారు. రేపు నాతో రా. పొడుగు నోటుబుక్కు తెచ్చుకో. చూసింది చూసినట్టు రాయి, అంతే."

అలా మొదటి టోర్నమెంటు రాశాను. గడులు అన్నే గీసి ఇచ్చాడు. నిమిషం, నంబరు, కాలు, మూల, పాయింటు. చివర కొంచెం చోటు మిగిలింది. దానికి నేను 'వివరం' అని పేరు పెట్టుకున్నాను. గడుల్లో పట్టనిది ఏదైనా కనపడితే అక్కడ రాసేదాన్ని. 'బొటనవేలికి గుడ్డ కట్టుకున్నాడు.' 'అంపైరు వాళ్ళ మేనమామ.' 'ఉదయం చెల్లెలికి పెళ్ళిచూపులు జరిగాయట, నాలుగుసార్లు రోడ్డు వైపు చూశాడు.'

మా మొదటి గిరాకీ జువ్వలదిన్నె హార్బరు జట్టు. కెప్టెను మాల్యాద్రి. ఫైనల్లో ఎదుటి జట్టు రైడరు గురించి మేమిచ్చిన ఒక్క పేజీ చదివి, "ఏందన్నా ఇది, పెళ్ళిచూపులా? వీణ్ణి పట్టుకోవాల్నా, వీడి చెల్లెల్ని చూడబోవాల్నా?" అని పొట్ట పట్టుకుని నవ్వాడు. కానీ ఆ రైడరు పాయింటు పోయిన తరువాతి కూతకు ఎప్పుడూ కుడిమూలకే వెళ్తాడని మేం రాసింది గుర్తుపెట్టుకున్నాడు. గెలిచారు. ఫీజు కింద ఒక వంజరం చేప తెచ్చి జిరాక్సు మిషను మీద పెట్టాడు. నీచువాసన వారం పోలేదు.

తరువాత పక్క జిల్లాల నుంచి వీడియోలు రావడం మొదలైంది. ఆ తరువాత తమిళనాడు నుంచి, కర్ణాటక నుంచి. నోటుబుక్కు పోయి కంప్యూటరు పట్టిక వచ్చింది. ఇద్దరు పిల్లలం ఐదుగురమయ్యాం, షాపు వెనక గది చాలక పై వాటా తీసుకున్నాం. మూడో ఏడు విజయభాస్కర్ సార్ హైదరాబాదులో ఉద్యోగం మానుకుని మాతో కలిశాడు. ఆయన వచ్చాకే మేం రాసింది పాయింట్ల పట్టికలా కాకుండా, రేపు ఏం జరగొచ్చో చెప్పే లెక్కలా మారింది. పని చేసే పద్ధతి కూడా ఆయనే పెట్టాడు. ఒక ఆటను ఇద్దరు విడివిడిగా రాస్తారు. ఒకరిది ఒకరికి కనపడదు. తేడా వచ్చినచోట మూడో మనిషి చూసి తేలుస్తారు. ఆ మూడో మనిషిని చాలాకాలంగా నేనే. ఇంకో రూలు కూడా పెట్టాడు. ఎవరి ఊరి ఆట వాళ్ళు రాయకూడదు, ఆ వీడియో తెరవకూడదు.

వివరం గడిని తీసేసింది కూడా ఆయనే. అందుకు కారణం ఉంది. అప్పుడు మాతో పనిచేసే ఒకమ్మాయి, ఒక రైడరు పేరు ఎదురుగా 'జ్వరాలు ఎక్కువట' అని రాసింది. ఎవరో అన్నారు, రాసింది. ఆ జట్టువాళ్ళు ఆ కుర్రాణ్ణి పక్కన పెట్టేశారు. వాడికి జ్వరమూ లేదు, ఏమీ లేదు. వాళ్ళమ్మ పెంచలమ్మ షాపు ముందుకొచ్చి కూర్చుని, "నా కొడుక్కి జొరం తగిలించిన డాక్టరు ఎవురు ఈడ?" అని అడిగింది. మరునాడు విజయభాస్కర్ సార్ పట్టికలో నుంచి ఆ గడి తీసేశాడు. వెంకటాచలం ఆఫీసు గోడ మీద ఇప్పుడు పెద్ద అక్షరాలతో ఉంటుంది: వీడియోలో కనపడిందే రాయాలి.

గడి పోయినందుకు నాకు బాధేసింది. కానీ తీసేయడం సరైనదేనని కూడా తెలుసు.

ఈ ఏడు ఒక ప్రొఫెషనల్ జట్టు మాకు కబురు పెట్టింది. ఇంతవరకు ఎవరి కంటా పడని రైడర్లు, ఇరవై మూడేళ్ళు నిండనివాళ్ళు, ముగ్గుర్ని చెప్పమంది. ఆ ముగ్గుర్ని పూణేలో శిబిరానికి పిలుస్తారు. మేం చెప్పినవాళ్ళు అక్కడ నిలబడితే వచ్చే సీజను పనంతా మాకే ఇస్తారు. నరేంద్రబాబన్న అప్పుడే అద్దెకు తీసుకుందామని పై అంతస్తు కూడా చూసి వచ్చాడు. జనవరి నుంచి ఈస్టర్ దాకా మా వాళ్ళు ఊరూరా తిరిగి తొంభై ఆటలు తీశారు. ఆ లెక్కలో ఒక మెట్టు ఉంది. రెండో సగంలో వెళ్ళిన కూతల్లో వందకు నలభై కన్నా తక్కువ సార్లు పాయింటు తెచ్చినవాడి పేరు దానంతటదే రాలిపోతుంది. చివరి ఇరవై నిమిషాలు నిలవలేనివాడు వాళ్ళకు అక్కర్లేదు.

బెన్హర్‌కు మొదటి సగంలో యాభై ఏడు. రెండో సగంలో ముప్పై ఒకటి.

మొదటి సగమే చూస్తే జాబితాలో అందరికంటే పైన ఉండేవాడు. వచ్చే జూన్‌కు వాడికి ఇరవై మూడు నిండుతాయి. అంటే మళ్ళీ ఏడు అడిగినా వాడి పేరు చెప్పడానికి ఉండదు.

వీడియో నేను తెరవకూడదు. తెరవలేదు. తేదీల వరుస మాత్రం చూశాను. వాడు ఆడింది మొత్తం పన్నెండు ఆటలు. రెండు జనవరిలో. ఆ రెండింటిలో రెండో సగం యాభై ఆరు ఉంది. మిగిలిన పదీ మార్చిలో, ఏప్రిల్‌లో. ఒక్కొక్క తేదీ చూస్తూ పోయాను. పదీ ఈస్టర్‌కు ముందు వచ్చే శ్రమల దినాల్లోనే ఉన్నాయి.

మా చర్చి సంఘంలో ఆ నలభై రోజులూ చాలామంది ఉపవాసం ఉంటారు. పొద్దున నుంచి మంచినీళ్ళే. సాయంత్రం ఆరింటికి ఎవరో ఒకరి ఇంట్లో ప్రార్థన అయ్యాక భోంచేస్తారు. బెన్హర్ తల్లి రెబెక్కమ్మ పిన్నమ్మ ఈ ఏడు కొడుకు కోసం మొక్కుకుంది. కొడుకు పెద్ద జట్టుకు ఎంపికైతే వచ్చే ఏడు చర్చికి గంట ఇస్తానని, అందుకోసం తానూ కొడుకూ కలిసి నలభై రోజులూ ఉంటామని అందరి ముందూ చెప్పింది. ఉండింది కూడా. పగలంతా రొయ్యల షెడ్డులో తలలు తీసే పని చేసి, ఏమీ తినకుండా ప్రార్థనకు వచ్చేది. ఈస్టర్ ఉదయం లేచి సాక్ష్యం చెప్పింది. "నా బిడ్డ కడుపు మాడ్చుకుని ఎండలో ఆడినాడు. ప్రభువు వానికి కాళ్ళలో బలమిచ్చినాడు" అని. సంఘమంతా ఆమెన్ అన్నారు. మగవాళ్ళ వైపు కూర్చున్న బెన్హర్ తలొంచుకుని ఉన్నాడు. సిగ్గుపడుతున్నాడనుకున్నాను.

ఆటలన్నీ మధ్యాహ్నం మూడున్నరకు మొదలవుతాయి. రెండో సగం వచ్చేటప్పటికి నాలుగు దాటుతుంది. పొద్దుటి నుంచి తినని మనిషి.

కాగితం పట్టుకుని నరేంద్రబాబన్న గదికి వెళ్ళాను. విజయభాస్కర్ సార్ కూడా అక్కడే ఉన్నాడు. కొత్తగా చేరినవాళ్ళంతా నరేంద్రబాబన్నను సార్ అంటారు. షాపు రోజుల వాళ్ళం నలుగురం మాత్రం అన్నా అనే అంటాం. నేను మామూలుగా ఆ గదికి పెద్దగా వెళ్ళను. అందుకే ఇద్దరూ చేస్తున్న పని ఆపారు.

విషయం చెప్పాను. అన్న కుర్చీలో వెనక్కి వాలాడు.

"అయ్యప్ప మాల ఏసుకున్నప్పుడు నేను ఒంటిపూట తిని ఆడినాను. రెండో హాఫ్‌లో కాళ్ళు మనయ్యి కావు. ఈ పిల్ల చెప్పేదాంట్లో నిజముంది భాస్కర్."

"ఉండొచ్చు" అన్నాడు విజయభాస్కర్ సార్. "కానీ జనవరివి రెండే మ్యాచ్‌లు. రెండింటితో ఏం తేలుతుంది? పైగా ఉపవాసం వీడియోలో కనపడదు. కనపడనిది రాయకూడదని గోడ మీద రాసిందెవరు?"

"నువ్వే రాసినావు."

"నేనే రాశాను. పెంచలమ్మ వచ్చి కూర్చున్న రోజు మీరు వెనక తలుపు నుంచి వెళ్ళిపోయారు. నేనే కూర్చుని మాట్లాడాను."

అన్న నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. సార్ నా వైపు తిరిగాడు.

"మెర్లిన్, అతను ఉపవాసం ఉన్నాడని నీకెలా తెలుసు?"

"సంఘంలో అందరికీ తెలుసు సార్."

"అతను చెప్పాడా?"

"వాళ్ళమ్మ చెప్పింది."

"అతను?"

ఆలోచించాను. "అతన్ని అడగలేదు సార్."

అన్న రెండు చేతులూ బల్ల మీద పెట్టాడు. "సరే, ఇట్టా చేద్దాం. ఈ ఒక్క రిపోర్టులో వివరం గడి తిరిగి పెడదాం. ఫలానా తేదీల్లో ఆటగాడు ఉపవాసంలో ఉండినాడని ఒక్క వాక్యం. అది మన మాట కాకూడదు. ఆ పిల్లోడి సంతకం ఉండాల. ఇంట్లో మనిషి ఒకరు సాక్షి సంతకం పెట్టాల. రేపు పొద్దున నా బల్ల మీద ఉంటే నాలుగో పేరుగా పంపుదాం, ఒకటి ఎక్కువైతే వాళ్ళు వద్దనరు. లేకుంటే ముగ్గురితోనే జాబితా పోతుంది. ఏం భాస్కర్?"

విజయభాస్కర్ సార్ ఒప్పుకోవడానికి కొంతసేపు పట్టింది. "సీజను అక్టోబరులో కాబట్టి మళ్ళీ ఉపవాసం అడ్డం రాదు. అక్కడిదాకా బాగానే ఉంది" అని, "కానీ ఇది తప్పయితే మనకు రెండో అవకాశం ఇవ్వరు నరేంద్రా. పైన అంతస్తు కాదు, ఉన్న అంతస్తు కూడా ఖాళీ చేయాలి" అన్నాడు.

వాక్యం నేనే టైపు చేశాను. పది తేదీలు, కింద రెండు గీతలు. ఆ రోజు రెండింటికే సెలవు పెట్టి బయలుదేరాను. నెల్లూరులో బస్సు మారి అల్లూరు చేరి, అక్కడ ఆటో ఎక్కాను. దారి పొడుగునా రొయ్యల గుంటల్లో గాలి ఎక్కించే చక్రాలు నీళ్ళు చిమ్ముతూ తిరుగుతున్నాయి. నాకు మనసు తేలికగా ఉంది. ఆ గడి ఒకసారి పెట్టడం మొదలైతే ఇంకొకరి కోసం ఇంకోసారి పెట్టొచ్చని కూడా అనుకున్నాను.

నేను వెళ్ళేటప్పటికి ఐదు కావస్తోంది. రెబెక్కమ్మ పిన్నమ్మ షెడ్డు నుంచి అప్పుడే వచ్చినట్టుంది, చేతులు నిమ్మతొక్కతో రుద్దుకుంటోంది. పొయ్యి మీద టీ నీళ్ళు పెట్టి ఉన్నాయి. బెన్హర్ నేల మీద కూర్చుని బూట్లకు లేసులు ఎక్కిస్తున్నాడు.

"రా మెర్లినూ, ఈ పొద్దు ఎండ తగ్గకముందే వచ్చినావే. ఉద్యోగం పీకేసినారా?" అన్నది పిన్నమ్మ.

"లేదు పిన్నమ్మా, వీడి పని మీదే వచ్చినాను."

"నా పని మీదా?" అన్నాడు బెన్హర్. "ఏం అక్కా, మళ్ళీ వాక్యం చెప్పించుకుంటావా? ఇప్పుడు కూడా చివరి మాటే వస్తుంది నాకు."

"చివరి మాట చాలు. సంతకం పెట్టేది కూడా చివరే."

కాగితం తీశాను. మొదటి నుంచి చెప్పాను. ముగ్గురి పేర్లు అడిగారని, ఎవరెవరు తేలారో, పూణే శిబిరం అని, మొదటి సగంలో వీడే అందరికంటే పైన ఉన్నాడని. అక్కడికి వచ్చేసరికి పిన్నమ్మ నిమ్మతొక్క కింద పడేసి నా దగ్గరికి వచ్చి కూర్చుంది. రెండో సగం సంగతి చెప్పాను. తేదీలు చెప్పాను. మా సార్లు ఒప్పుకున్నారని, ఈ కాగితం మీద సంతకం ఉంటే రేపు పొద్దున వీడి పేరు వెళ్తుందని చెప్పాను.

"లేకుంటే?" అన్నాడు బెన్హర్.

"లేకుంటే పోదు. ఉపవాసం లేని మనిషి రెండో సగంలో నిలవలేదంటే వాళ్ళు తీసుకోరు."

పిన్నమ్మ కళ్ళు మూసుకుని, "స్తోత్రం తండ్రీ" అన్నది. మళ్ళీ తెరిచి, "చూసినావా, నేను చెప్పలా? కడుపు మాడ్చుకున్నది ఊరికే పోదని నేను చెప్పలా నీకు? యాడమ్మా, యాడ పెట్టాల సంతకం? నాది కూడా కావాలన్నావే. నేను పెడతాను, నాకు వచ్చు. సంఘంలో మహిళా కూడిక పుస్తకంలో నేనే పెడతాను సంతకం" అన్నది.

"ముందు వాడు పెట్టాలి పిన్నమ్మా. సాక్షి తరవాత."

పెన్ను ఇచ్చాను. బెన్హర్ కాగితం తొడ మీద పెట్టుకుని చదివాడు. చిన్న వాక్యమే. చదవడానికి అంతసేపు పట్టదు.

"పెట్టరా" అన్నది పిన్నమ్మ. "టీ పొంగిపోతుండాది నాకు."

వాడు పెన్ను మూత పెట్టేశాడు. "ఇది నేను పెట్టలేనక్కా."

"భయమెందుకురా?" అన్నాను నేను. "పూణే అయితే ఏం, దూరమేమీ..."

"భయం కాదు. నేను తిన్నాను."

పిన్నమ్మ నవ్వింది. "ఒకరోజు ఎప్పుడో తిన్నట్టుండాడు. జ్వరమొచ్చినప్పుడు రెండు ఇడ్లీలు పెట్టలా నేనే? దానికి కూడా లెక్కేనా మెర్లినూ? ఆ తేదీ కొట్టేసి రాయి."

"ఒకరోజు కాదు" అన్నాడు. వాళ్ళమ్మ వైపు చూడలేదు, నన్నే చూస్తున్నాడు. "అన్ని రోజులూ తిన్నాను. ఆటుండే రోజు పదకొండింటికి హైవే మీద హోటల్లో పరోటా. ఆట లేని రోజు మా ఫ్రెండు కిషోర్ బాబు వాళ్ళింట్లో. మా జట్టోళ్ళందరికీ తెలుసు. నాకు పరోటా అని పేరు పెట్టినారు. పొద్దుట్నించి ఏం లేకుండా కూతకు పోతే కళ్ళు తిరిగి పడతానని మొదటిరోజే అర్థమైంది. మానేసినాను."

నాకు ఏదో ఒకటి అనాలనిపించింది. నా చేతిలో ఉన్నది లెక్కే కాబట్టి దాన్నే పట్టుకున్నాను.

"మరి జనవరిలో బాగానే ఉందే రెండో సగం? యాభై ఆరు ఉంది. మార్చిలో ఎందుకు పడిపోయింది?"

"జనవరిలో ఆడింది ఇంటర్ పిల్లకాయలతో అక్కా. కాలేజీ గ్రౌండులో. వాళ్ళకు పట్టుకోవడమే రాదు. నువ్వు చూడలా?"

చూడలేదు. పట్టికలో జట్ల పేర్లుండవు, నంబర్లే ఉంటాయి. సుప్రియను అడిగితే చెప్పేది. నేను అడగలేదు. తేదీలు కుదిరాయి, అంతటితో ఆగిపోయాను. ఇన్నేళ్ళుగా పక్కవాళ్ళ తప్పులు తేల్చే బల్ల దగ్గర కూర్చుంటున్నదాన్ని.

"ఇరవై నిమిషాలు దాటితే ఊపిరి చాలడం లేదక్కా. తిన్నా చాలదు, తినకపోయినా చాలదు. మీ లెక్క కరెక్టే." కాగితం మడవకుండా నా చేతికి ఇచ్చాడు. "రేపు ముగ్గురితోనే పంపండి. ఆ ముగ్గురిలో ఇద్దరు నాకు తెలుసు. బాగా ఆడతారు."

"ఈ మాట ఈస్టర్‌కు ముందే చెప్పొచ్చు గదరా" అన్నాను. అనకుండా ఉండాల్సింది.

"అబద్ధం నేనెప్పుడూ చెప్పలేదు. ఆరింటికి అన్నం పెడితే తిన్నాను. ఉపవాసం ఉన్నావా అని ఎవురూ అడగలా. అమ్మ అడగలా, చర్చి అయ్యగారు అడగలా. అడుగుతా వచ్చింది నువ్వే."

అప్పుడు పిన్నమ్మ వైపు చూశాను. ఆమె కొడుకును చూడటం లేదు, నన్నూ చూడటం లేదు. తన రెండు చేతులు చూసుకుంటోంది. షెడ్డులో నీళ్ళకు, ఐసుకు నానిన చేతులు. వేళ్ళ చివర్లు తెల్లగా ముడతలు పడి ఉన్నాయి. ఆ నలభై రోజులూ ఆ చేతులతోనే ఆరింటికి వాడికి అన్నం కలిపి మొదటి ముద్ద పెట్టేదని మా అమ్మ చెప్పింది. తరువాతే తను తినేదట.

"అమ్మా" అన్నాడు బెన్హర్.

టీ పొంగింది. పిన్నమ్మ లేచి గిన్నె దించింది. పొయ్యి ఆపింది. పొంగి కారినదాన్ని గుడ్డతో తుడిచి, గిన్నె మీద మూత పెట్టింది. కొంగు సర్దుకుంది. ఆరింటికి ఆ రోజు మా ఇంట్లో ప్రార్థన కూడిక ఉంది, ఈస్టర్‌నాడు ఆమె సాక్ష్యానికి ఆమెన్ అన్నవాళ్ళే వస్తారు, కానీ ఆమె మా ఇంటి వైపు తిరగలేదు. గడప దిగి, గుంటల గట్టు మీదుగా షెడ్డుకు పోయే దారి పట్టుకుని మళ్ళీ అటే వెళ్ళిపోయింది.